సెగగడ్డలకి కల్చర్ రిపోర్టులో ఎంఆర్‌ఎస్‌ఏ అని వచ్చింది. ఇంటిల్లిపాదీ ముక్కులో మందు పెట్టుకోవాలా?

రేకులమ్మాయి (ఆత్రేయపురం దగ్గర)

నమస్కారం అండి. పోస్టు కాస్త పెద్దది, ఓపిక చేసుకుని చదవండి.

నేను పూతరేకులు తీస్తాను, చుడతాను కూడా. పొద్దున్న అయిదింటికి కుండ ముందు కూర్చుంటే పదకొండు దాకా లేవను. ఎండు కొబ్బరాకుల మంట, పైన మే నెల ఎండ, చెమట సంగతి చెప్పక్కర్లేదు. అందుకే మార్చిలో చంకలో గడ్డ లేస్తే ఇంటా బయటా ఒకటే మాట, "సెగకి కూర్చుంటావు కదమ్మా, సెగగడ్డే". నేనూ అదే అనుకున్నాను.

నిజానికి మొదట వచ్చింది నాకు కాదు, మా అబ్బాయికి. వాడు హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు తొడ మీద చిక్కుడు గింజంత గడ్డ ఉంది. ఏదో పురుగు పాకిందమ్మా అన్నాడు. దానంతటదే చితికిపోయింది. తర్వాత నాకు చంకలో, అది మానిందో లేదో చీర కుచ్చిళ్ళు దోపే చోట ఇంకోటి. ఆ తర్వాత మా అత్తగారికి వీపు మీద. ఆవిడకి షుగరు, బీపీ రెండూ ఉన్నాయి.

ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు రెండు రోజులు ఇంజక్షను చేసి క్యాప్సూల్స్ ఇచ్చారు. మూడు రోజులకి నెప్పి తగ్గింది, మానేశాను. మిగిలిన నాలుగు క్యాప్సూల్స్ మా అబ్బాయికి పనికొస్తాయని డబ్బాలో దాచాను, వాడికి మళ్ళీ గడ్డ లేస్తే వేశాను. తిట్టకండి, తప్పని ఇప్పుడు తెలిసింది.

ఈ నెల మొదట్లో నడుం దగ్గరది నిమ్మకాయంత అయ్యి జ్వరం వచ్చింది. రాజమండ్రి తీసుకెళ్ళారు. డాక్టరు గారు కోసి చీము తీసి, కొంచెం కల్చర్‌కి (ఏ క్రిమో ల్యాబులో పెంచి చూసే పరీక్షకి) పంపించారు. ముక్కులో కూడా దూది పుల్ల తిప్పి పంపారు. రెండింట్లోనూ స్టెఫైలోకోకస్ ఆరియస్, మెథిసిలిన్ రెసిస్టెంట్ అని వచ్చింది, దాన్నే పొట్టిగా ఎంఆర్‌ఎస్‌ఏ అంటారట. కింద మందుల పేర్లు, ఒక్కోదాని పక్కన ఎస్ అనో ఆర్ అనో ఉంది. నాకు డాక్సీసైక్లిన్ ఏడు రోజులు రాశారు. దాంతోపాటు ముక్కులో పెట్టుకునే మ్యుపిరోసిన్ ఆయింట్‌మెంటు, ఒళ్ళు రుద్దుకునే క్లోర్‌హెక్సిడిన్ లోషను, "అయిదు రోజులు, ఇంట్లో అందరూ, ఒకేసారి" అన్నారు. బయట యాభై మంది కూర్చుని ఉన్నారు, ఇంకేం అడుగుతాను.

నా టెన్షన్లు ఇవి. లిస్టులో వాంకోమైసిన్ అని ఉంది, ఫోనులో వెతికితే ఐసీయూ ఫొటోలు వచ్చాయి. నా పరిస్థితి అంత దూరం వెళ్ళిందా? గడ్డ నడుం మీద ఉంటే మందు ముక్కులో ఎందుకు? మా ఆయనకి ఒక్క గడ్డా లేవలేదు, ఆయన కూడా ఎందుకు వాడాలి? నలుగురికీ కొనాలంటే తక్కువ డబ్బు కాదు. ఇది ఒంట్లో ఉండిపోతుందా, పోతుందా?

అసలుది చివర్లో అడుగుతున్నాను. మూడు వారాలుగా కుండ ముట్టుకోలేదు. మాకు రేకుల లెక్కన కూలి, కూర్చుంటేనే డబ్బు. నా చేతి రేకు తిన్నవాళ్ళకి ఏమన్నా అవుతుందా? షావుకారు గారికి చెప్పాలా?

కొబ్బరిబొండం (అంబాజీపేట)

ఇదంతా మామిడిపళ్ళ వేడి అండి. మా ఇంట్లో రసాలు దిగిన దగ్గర్నుంచీ పిల్లలకి గడ్డలే. వేపాకు, పసుపు నూరి పట్టించండి, మజ్జిగ తాగించండి. ఈ పరీక్షలూ రిపోర్టులూ అన్నీ డబ్బు గుంజడానికే.

ల్యాబ్ బాబాయ్ (కాకినాడ)

బొండం గారూ, మజ్జిగ తాగమనండి, కాదనను. చీముకి కారణం మాత్రం మామిడిపండు కాదండి. ముప్పై ఏళ్ళు కల్చర్ ప్లేట్లు చూసి రిటైరయ్యాను, మామిడిపండులోంచి స్టాఫ్ (ఆ రిపోర్టులో ఉన్న స్టెఫైలోకోకస్ క్రిమే) మొలవడం ఎప్పుడూ చూడలేదు. ఎండాకాలం చెమట, ఒరిపిడి, గోకుళ్ళు ఎక్కువ, చర్మం చిట్లుతుంది, క్రిమికి దారి దొరుకుతుంది. అదే కాలంలో మామిడిపళ్ళూ వస్తాయి కాబట్టి నేరం వాటి మీద పడింది.

అమ్మా రేకులమ్మాయి, నీ రిపోర్టు సంగతి చెబుతాను. మైక్రోస్కోపులో ఈ క్రిమి గుత్తులు గుత్తులుగా కనిపిస్తుంది. ఆ పేరు పెట్టినాయన ద్రాక్ష గుత్తి అన్నాడు. నాకైతే ఎప్పుడు చూసినా చేపగుడ్ల ముద్దలాగే ఉండేది. మామూలు స్టాఫ్ సుమారు ముగ్గురిలో ఒకరి ముక్కులో ఏ బాధా పెట్టకుండా ఉంటుంది. నీకు ఉన్నది అందులో మొండి రకం.

పెన్సిలిన్ జాతి మందులు ఏం చేస్తాయంటే, క్రిమి తన చుట్టూ గోడ కట్టుకుంటుంటే ఆ మేస్త్రీ చేతులు పట్టేసుకుంటాయి. గోడ లేకపోతే క్రిమి పగిలి చస్తుంది. ఈ మొండి రకం దగ్గర ఇంకో మేస్త్రీ ఉంటాడు, వాడి చేతులు ఈ మందులకి దొరకవు. మెథిసిలిన్ 1959లో వచ్చింది, 1961కల్లా ఇంగ్లండులో దానికి లొంగని స్టాఫ్ బయటపడింది. ఆ మందు ఇప్పుడు ఎవరూ వాడరు, పేరు మాత్రం మిగిలింది. దాని బదులు మేం పరీక్షకి ప్లేటు మీద పెట్టేది సెఫాక్సిటిన్ అనే మందు బిళ్ళ. దాని పక్కన ఆర్ ఉంటే అమాక్సిసిలిన్, దానికి క్లావులనేట్ కలిపినది, సెఫాలెక్సిన్, సెఫిక్సిమ్, ఇవేవీ దీని మీద పనిచేయవు. మీ ఆర్‌ఎంపీ ఇచ్చిన క్యాప్సూల్ వీటిలో ఏదో అయ్యుంటుంది. నీకు తగ్గినట్టు అనిపించింది కదా, గడ్డ చితికి చీము పోయినందుకు తగ్గుంటుంది.

వాంకోమైసిన్ పక్కన ఎస్ అనే కదా ఉంది? ఎస్ అంటే పనిచేస్తుంది అని. పనిచేసే మందులన్నీ రాయడం మా పని, వాటిలో ఏది అవసరమో చూడటం డాక్టరు పని. నీకు నోటిమాత్ర సరిపోయింది కాబట్టే ఇంటికి పంపారు.

ఒకటి చూసి చెప్పు. క్లిండామైసిన్ దగ్గర డి టెస్టు పాజిటివ్ అని ఉందా?

ఉప్పునీటి రైతు (భీమవరం వైపు)

నాకూ రెండేళ్ళ క్రితం ఇదే వచ్చింది అండి. పిక్క మీద. రొయ్యల చెరువులో దిగి ఏరేటర్ (నీళ్ళు చిలికే మిషను) సరిచేస్తుంటే తీగ గీసుకుంది, రెండు రోజులకి ఎర్రగా వాచింది. మందుల షాపులో చెప్తే "హై పవర్ ఇస్తాను" అని లినెజోలిడ్ స్ట్రిప్పు చేతిలో పెట్టాడు. వెనక ఎర్ర గీత ఉంది. చీటీ లేకుండా ఇవ్వకూడదని దాని అర్థమట, నాకు తర్వాత మా మేనకోడలు చెప్పింది.

రొయ్యకి యాంటీబయాటిక్ అవశేషం కనిపిస్తే కంటైనరు వెనక్కి వస్తుందని మేం ఎంత జాగ్రత్త పడతామో! క్లోరామ్‌ఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధించిన మందుల మాట వింటేనే వణుకుతాం. మన ఒంటికి మాత్రం ఏది పడితే అది వేసేసుకుంటాం. రొయ్యకున్న టెస్టింగ్ మనకి లేదు.

మా చెరువు గట్టు మీద గుడిసెలో నలుగురం పడుకునేవాళ్ళం, తువ్వాలు ఒకటే. నలుగురిలో ముగ్గురికి వచ్చాయి. తువ్వాళ్ళు వేరు చేశాక ఆగాయి. నాకు తెలిసింది ఇంతే. స్నానం నీళ్ళలో బ్లీచింగ్ కలుపుకోమని ఎవరో అన్నారు, చెరువుకి వేసే పౌడరు బస్తా ఉంది కదా అని చూస్తున్నాను. వేసుకోవచ్చా?

సిస్టర్ (తణుకు)

రైతు గారూ, ముందు మీకు. వద్దు! బస్తా మూట విప్పొద్దు. బయట దేశాల్లో బ్లీచ్ స్నానం అని రాసేది పలచటి ద్రవం బ్లీచ్ గురించి, అది కూడా గేలను నీళ్ళకి ఒక టీస్పూను. చెరువులకి వేసే పౌడరు దానికంటే ఎన్నో రెట్లు ఘాటు, చర్మం కాలిపోతుంది. మీ ప్రశ్నకి నేను లేచి కూర్చున్నాను.

రేకులమ్మాయీ, నేను ఆస్పత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా చేస్తాను. మీ డాక్టరు గారు చెప్పిన దాన్ని మార్చను, ఎందుకు చెప్పారో, ఎలా చెయ్యాలో చెబుతాను. సగం మందికి ఇది ఎలా చెయ్యాలో తెలియక ఫెయిలవుతుంది.

సగం వైద్యం మీకు ఇప్పటికే అయిపోయింది, కోసి చీము తీయడమే అది. మాత్ర దానికి తోడు. డాక్సీసైక్లిన్ గ్లాసు నిండా నీళ్ళతో మింగి అరగంట దాకా పడుకోకండి, గొంతులో ఆగితే పుండు పడుతుంది. పాలతో వద్దు. ఎండలో చర్మం తొందరగా కమిలిపోతుంది, మంట దగ్గర పని కాదు గానీ ఎండలో రేకులు మోసుకెళ్ళేటప్పుడు చెంగు కప్పుకోండి. ఏడు రోజులంటే ఏడు రోజులూ. ఒక్కటి కూడా డబ్బాలో మిగలకూడదు.

ముక్కు ఎందుకంటారా. ఈ క్రిమికి ముక్కు ముందు భాగం సొంతిల్లు లాంటిది. చంకలు, గజ్జలు, గొంతు కూడా. అక్కడ ఉన్నా ఏమీ చెయ్యదు. మనం రోజంతా తెలియకుండానే ముక్కు ముట్టుకుంటాం, ఆ చేత్తో నడుం గోక్కుంటాం. నడుం మీద గీత ఉంటే గడ్డ. ఇల్లు వదిలేసి వీధిలో పట్టుకుంటే ఏం లాభం?

మీ ఆయన సంగతి. గడ్డ లేవకపోయినా ఆయన ముక్కులో ఉండొచ్చు. అమెరికాలో పిల్లల మీద ఒక అధ్యయనం జరిగింది, 2012లో అచ్చయింది. గడ్డ వచ్చిన పిల్లకి మాత్రమే ఇదే మందు, ఇదే స్నానం చేయించిన ఇళ్ళలో ఏడాది తిరిగేసరికి నూటికి 72 మంది పిల్లలకి మళ్ళీ గడ్డలు వచ్చాయి. ఇంటిల్లిపాదికీ చేయించిన ఇళ్ళలో 52. విచిత్రం ఏమిటంటే పిల్లల ఒంటి మీంచి క్రిమి పోవడంలో రెండు గుంపులకీ పెద్ద తేడా లేదు, గడ్డలు మాత్రం తగ్గాయి. 52 అన్నది కూడా చిన్న అంకె కాదు, అది దాచను. ఇది వేసుకుంటే ఇక జన్మలో రాదు అని ఎవరన్నా అంటే నమ్మకండి. కొందరికి పోతుంది, కొందరికి కొన్ని నెలలకి మళ్ళీ ఎక్కుతుంది. రాకుండా ఎక్కువ రోజులు గడిస్తే మనం గెలిచినట్టే.

ఇంకో పెద్ద అధ్యయనం 2019లో వచ్చింది, కాలిఫోర్నియాలో ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్ళిన రెండు వేల మంది పైచిలుకు మీద. నెలకి రెండుసార్లు, అయిదేసి రోజులు, ఆరు నెలలు ఇదే పద్ధతి చేస్తే ఎంఆర్‌ఎస్‌ఏ ఇన్ఫెక్షన్లు 30 శాతం తగ్గాయి. ఒక్క రోజూ తప్పకుండా చేసినవాళ్ళలో 44 శాతం. వాళ్ళు మీకంటే బాగా జబ్బు చేసినవాళ్ళు, ఆ లెక్క మీకు అచ్చంగా వర్తించదు. కానీ 30కీ 44కీ మధ్య తేడా చూడండి. మందు అదే, శ్రద్ధ వేరు.

ఇప్పుడు ఎలా అన్నది. ఆయింట్‌మెంటు రెండు పూటలా, అగ్గిపుల్ల తలంత, దూది పుల్లతో ముక్కు లోపలి అంచుకి రాసి, ముక్కు రెండు వైపులా నొక్కి కాసేపు మెదపండి. లోతుకి గుచ్చక్కర్లేదు. షాపులో చీటీ చూపించి ముక్కుకి రాసేదే అడగండి, చర్మానికి రాసేది వేరే, అది ముక్కులో మంట పెడుతుంది. ఎవరి ట్యూబు వాళ్ళకి. గడ్డల మీద నెలల తరబడి ఇదే రాసేవాళ్ళున్నారు, అలా చేస్తే దీనికీ క్రిమి మొండికేస్తుంది.

క్లోర్‌హెక్సిడిన్ దగ్గరే అందరూ తప్పు చేస్తారు. ముందు మామూలు సబ్బుతో స్నానం చేసి పూర్తిగా కడుక్కోవాలి. తర్వాత తడి ఒంటి మీద మెడ దగ్గర్నుంచి కిందికి లోషన్ రుద్ది, నీళ్ళు పోసుకోకుండా రెండు నిమిషాలు ఆగాలి. చంకలు, గజ్జలు, బొడ్డు, కాలివేళ్ళ సందులు మర్చిపోవద్దు. ఆ తర్వాత ఒట్టి నీళ్ళు. దాని మీద మళ్ళీ సబ్బు రాస్తే మందు చచ్చిపోతుంది, పని వృథా. కళ్ళలోకి, చెవుల్లోకి పోనివ్వద్దు. ఉతికిన తువ్వాలు, ఉతికిన బట్టలు, ఆ రాత్రి ఉతికిన దుప్పటి. తువ్వాలు ఎవరిది వాళ్ళదే, అయిదు రోజులూ రోజుకొకటి. రేజరు, దువ్వెన, గోళ్ళు తీసుకునేది, ఏవీ పంచుకోకూడదు.

ఒక మంచి సంగతి ఏమిటంటే మీ అబ్బాయి సెలవులకి ఇంట్లో ఉన్నాడు. హాస్టలు తెరిచాక మొదలుపెడితే వాడు ఒక్కడూ మిగిలిపోతాడు. మీ గాయం మానగానే, వాడు వెళ్ళేలోపు, నలుగురూ ఒకే రోజు మొదలుపెట్టండి.

అత్తగారి గురించి ఒక హెచ్చరిక. డాక్టరు ఆవిడకి మాత్ర రాయాల్సి వస్తే ఆవిడ వాడే మందుల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి. ఈ క్రిమికి కోట్రైమాక్సజోల్ మంచి మందే, కానీ కొన్ని బీపీ మాత్రలతో కలిస్తే ఒంట్లో పొటాషియం పెరుగుతుంది, గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్రలతో కలిస్తే షుగరు పడిపోతుంది. ఇది షాపులో అడిగి తెచ్చుకునే మందు కాదు.

మీ చేతి పని. గడ్డ కారుతున్నన్ని రోజులు కుండ ముట్టుకోకపోవడం మంచి పని చేశారు. స్టాఫ్ తిండిలో పడి పెరిగితే విషం వదులుతుంది, ఆ విషం వేడికి పోదు, తిన్న కొన్ని గంటల్లోనే వాంతులు పట్టుకుంటాయి. ఈ విషయంలో మొండి రకమైనా మామూలు రకమైనా ఒకటే. అయితే అది పెరగడానికి తడి కావాలి. కోవా, క్రీము లాంటివి దానికి పండగ. మీ రేకు ఎండుది, లోపల పంచదార, నెయ్యి, అందులో పెరగడం దానికి కష్టం. నాకు అనుమానం వచ్చేది రేకు మెత్తబడటానికి అద్దే తడిగుడ్డ మీద. దాన్ని రోజూ మరిగే నీళ్ళలో ఉడకబెట్టి ఎండలో వెయ్యండి. గాయం పూర్తిగా ఆరి, బట్ట కింద కప్పి ఉండి, చేతుల మీద ఏ పుండూ లేకపోతే పని చేసుకోవచ్చు. ముక్కు ముట్టుకున్నా, చెమట తుడుచుకున్నా మళ్ళీ సబ్బుతో చేతులు కడగండి. ముక్కులో క్రిమి ఉందని పని మానాల్సిన అవసరం లేదు. అలా అయితే మా ఆస్పత్రిలో ఎంతమంది మిగులుతారో!

షావుకారుకి ఏం చెప్పాలన్నది మీ ఇష్టం. "గడ్డ కోశారు, మానేదాకా రాను" అంటే సరిపోతుందని నా ఉద్దేశం. రిపోర్టు చూపించాల్సిన పని లేదు.

మళ్ళీ జ్వరం వచ్చినా, ఎరుపు చుట్టూ పాకుతున్నా, ముఖం మీద ముక్కు, పై పెదవి దగ్గర గడ్డ లేచినా ఇక్కడ పోస్టు పెట్టి కూర్చోకండి, ఆస్పత్రికి వెళ్ళండి. ఎక్కడికి వెళ్ళినా ఈ రిపోర్టు ముందే చూపించండి. ఆపరేషన్ ఏదన్నా పడితే మరీ ముఖ్యం.

రేకులమ్మాయి

సిస్టర్ గారూ, బాబాయ్ గారూ, మీ ఇద్దరికీ దణ్ణం. మీ పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను. "నా ముక్కులో ఏముంటుంది" అన్నాయన ఆ 72, 52 లెక్క దగ్గర ఆగి మళ్ళీ చదవమన్నారు.

బాబాయ్ గారూ, అవునండి, డి టెస్టు పాజిటివ్ అని ఉంది.

ల్యాబ్ బాబాయ్

అయితే ఎరిత్రోమైసిన్ బిళ్ళ పక్కన పెట్టినప్పుడు క్లిండామైసిన్ చుట్టూ ఉన్న ఖాళీ ఒక వైపు నొక్కుకుపోయి ఇంగ్లీషు డి అక్షరంలా అయ్యిందన్నమాట. విడిగా చూస్తే పనిచేసేలా కనిపిస్తుంది, వాడుతుంటే మధ్యలో చేతులెత్తేస్తుంది. ఎవరన్నా క్లిండామైసిన్ రాస్తే ఈ ముక్క చూపించు. ఆ కాగితం పారేయకమ్మా.

రేకులమ్మాయి

అయిదు రోజులూ అయ్యాయండి. అబ్బాయి నిన్న హాస్టలుకి వెళ్ళాడు, రెండు తువ్వాళ్ళు పేరు కుట్టించి పంపాను. నా గాయం ఆరిపోయింది, సోమవారం నుంచి కుండ ఎక్కిస్తాను.

అత్తగారితోనే గొడవ. ఆవిడ పుట్టి బుద్ధెరిగి సున్నిపిండి తప్ప ఒంటికి ఏదీ రాయలేదు. లోషను రాసి కడుక్కున్నాక మళ్ళీ వెళ్ళి సున్నిపిండి రుద్దుకుంటున్నారు. రెండో రోజు పట్టుకున్నాను. చివరికి ముందు సున్నిపిండి, తర్వాత లోషను అని రాజీ కుదిరింది. పరవాలేదా?

ఇంకోటి. తువ్వాళ్ళు శుభ్రంగా ఉండాలని బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టాను. గోధుమరంగు మచ్చలు పడ్డాయి, ఎంత ఉతికినా పోవట్లేదు. అది క్రిమి మరకా?

సిస్టర్

సున్నిపిండి ముందైతే పరవాలేదు, పిండి మడతల్లో మిగలకుండా బాగా కడగమనండి. ఆవిడ చేసిన మొదటి రోజు లెక్కలోకి రాదు, ఆవిడకి ఒక రోజు పొడిగించండి.

మచ్చ క్రిమిది కాదు. క్లోర్‌హెక్సిడిన్ అంటిన బట్టని బ్లీచ్‌లో వేస్తే అలాగే గోధుమరంగు తేలుతుంది, ఇక పోదు. ఈసారి వేడినీళ్ళు, సర్ఫు, ఎండ చాలు.

రేకులమ్మాయి

పోదా! మా పుట్టింటివాళ్ళు సంక్రాంతికి పెట్టిన తువ్వాళ్ళండి అవి, జత. సరే, మా ఆయనకి ఇచ్చేస్తాను, ఆయన మచ్చలు చూడరు.